బంగారంలో లేని పల్లాడియం: ఎక్స్‌రే యంత్రంలో డిటెక్టర్‌ను ఎలా సవరించుకోవాలి

పాతపట్నం నుంచి ఒక పెద్దావిడ కొడుకును వెంటబెట్టుకుని పర్లాకిమిడిలో నేను బంగారం పరీక్షించే బల్ల దగ్గరకు వచ్చారు. చేతిరుమాలులో చుట్టిన నాను (మెడ నగ) తీసి ముందు పెట్టారు. "మా అత్తగారు పెట్టినది బాబూ, ఇరవై రెండు క్యారెట్లే. మనవరాలి పెళ్ళికి మార్పించాలి" అన్నారు. యంత్రం బంగారం 90.9 శాతం, పల్లాడియం 0.8 శాతం చూపించింది. తెర మీద ఉన్నది ఉన్నట్లు చదివి వినిపించాను. ఆవిడ మారుమాట అనలేదు. నానును మళ్ళీ రుమాలులో పెట్టి, రెండు ముడులు వేసి, కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లు దిగారు.

అత్తగారి కాలం నాటి నానులో పల్లాడియం అనే తెల్ల లోహం ఎలా వస్తుంది? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. దుకాణం కట్టేశాక మా దగ్గరున్న 916 ప్రమాణ పలకను, అంటే బంగారం 91.6 శాతమని, పల్లాడియం లేదని ముందే తెలిసిన ముక్కను, అదే సెట్టింగుతో పెట్టి చూశాను. అందులోనూ పల్లాడియం కనిపించింది. పెళ్ళిళ్ళ రోజులు, బయట జనం బారు తీరి ఉన్నారని, త్వరగా ఫలితం రావాలని ట్యూబు కరెంటును నేనే పెంచాను. ఆ తొందర ఒకరి బంగారానికి లేని మచ్చ పెట్టింది. బరంపురంలోనో, గుణుపురంలోనో, రాయగడలోనో బల్ల మీద ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం పెట్టుకుని, కంపెనీ మనిషి బిగించి వెళ్ళిన సెట్టింగులతోనే నెట్టుకొస్తున్న మీకోసం, ఆ తరువాత నేను నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

యంత్రం చేసే పని చిన్నది. ట్యూబు నుంచి వచ్చిన ఎక్స్‌రే నగను తాకితే ప్రతి లోహమూ తనదైన శక్తి గల ఎక్స్‌రేను తిరిగి వదులుతుంది. ఆ శక్తిని కిలో ఎలక్ట్రాన్ వోల్టుల్లో, అంటే కేఈవీల్లో చెబుతారు. రాగి 8.05, బంగారం 9.71, 11.44, వెండి 22.16. డిటెక్టర్ ఒక్కొక్క కిరణాన్నీ పట్టుకుని, దాని శక్తి కొలిచి, ఆ శక్తి గడిలో ఒక్క లెక్క వేస్తుంది. లెక్కలు పోగుపడిన చోట శిఖరం లేస్తుంది. డిటెక్టర్ ఒక కిరణాన్ని తప్పుగా కొలిస్తే ఆ లెక్క వేరే లోహం ఖాతాలో పడుతుంది.

ముందుగా కరెంటు, ఎర్త్, చల్లదనం

సెట్టింగుల జోలికి వెళ్ళే ముందు గోడ దగ్గరకు వెళ్ళండి. యంత్రం ఆన్‌లైన్ యూపీఎస్ మీద నడవాలి. ఎర్త్ విడిగా ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎర్త్ గుంట ఎండిపోతుంది. వారానికి రెండుసార్లు అందులో బిందెడు నీళ్ళు పోయండి. ఇది చిన్న పనిలా అనిపిస్తుంది కానీ, ఎర్త్ సరిగ్గా లేని యంత్రంలో డిటెక్టర్ శబ్దం, అంటే కిరణాలు కాని చిల్లర విద్యుత్ సంకేతాలు, పెరిగి శిఖరాలన్నీ లావెక్కుతాయి. ఆ జబ్బుకు సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు.

సిలికాన్ డిటెక్టర్‌ను లోపల పెల్టియర్ పరికరం చల్లబరుస్తుంది. గది ఎంత వేడిగా ఉంటే దానికి అంత కష్టం. తెర మీద డిటెక్టర్ ఉష్ణోగ్రత చూపే గడి ఉంటుంది. కంపెనీ చెప్పిన అంకె దగ్గర అది నిలకడగా ఉందో లేదో రోజూ చూడండి. ఏసీ వేసినా అంకె అందుకోలేకపోతుంటే డిటెక్టర్ గొట్టంలోని శూన్యం చెడుతోందేమోనని అనుమానించి కంపెనీకి చెప్పండి. యంత్రం వేసిన అరగంట దాకా ఎవరి నగా పెట్టవద్దు.

డిటెక్టర్ ముందు వెంట్రుక కంటే పలుచని బెరీలియం రేకు ఉంటుంది. దాన్ని వేలితో కానీ, దూదితో కానీ, గాలి ఊదే బుడ్డితో కానీ తాకవద్దు. పగిలితే డిటెక్టర్ పోతుంది. బెరీలియం ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కూడా. అందుకే నగను శుభ్రం చేసి పెట్టడం ముఖ్యం. గోరువెచ్చని కుంకుడు రసంలో మెత్తని కుంచెతో రుద్ది, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. మన స్వర్ణకారులు తరతరాలుగా చేస్తున్న ఈ పనికి మించినది నాకు కనబడలేదు. మూత తెరిస్తే ఎక్స్‌రే ఆగిపోయే స్విచ్‌ను మాత్రం ఏ తొందరలోనూ తప్పించవద్దు. ఈ యంత్రాలు అణుశక్తి నియంత్రణ మండలి నియమాల కిందికి వస్తాయి, ఆ కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి.

శక్తి కొలబద్దను సరిచేయడం

ఇందుకు 925 వెండి ముక్క ఒకటి దగ్గర పెట్టుకోండి. అందులో వెండి, రాగి రెండూ ఉంటాయి కాబట్టి కొలబద్దకు రెండు కొసలూ ఒకే ముక్కలో దొరుకుతాయి. ఒక గడికి 20 ఎలక్ట్రాన్ వోల్టులు ఉండేలా యంత్రం అమర్చి ఉందనుకుందాం. సున్నా సున్నా దగ్గరే ఉంటే రాగి శిఖరం 402వ గడిలో, వెండి శిఖరం 1108వ గడిలో నిలబడాలి.

ఒకరోజు వెండి 1104లో కనిపించిందనుకోండి. నాలుగు గడులే కదా అనిపిస్తుంది. కొలబద్ద 0.36 శాతం కుంగిందని దాని అర్థం. అదే లెక్కన 486వ గడి దగ్గర ఉండవలసిన బంగారం దాదాపు రెండు గడులు, అంటే 35 ఎలక్ట్రాన్ వోల్టులు పక్కకు జరిగిపోతుంది. జింకు రెండో శిఖరం 9.57 దగ్గర ఉంటుంది. దానికీ బంగారానికీ మధ్య ఉన్నదే 140 ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ ఎడంలో పావు వంతు పోతే, పక్కపక్కన ఆనుకుని ఉన్న ఈ రెండింటినీ విడదీసే సాఫ్ట్‌వేర్ బంగారంలో కొంత జింకుకు, జింకులో కొంత బంగారానికి పంచేస్తుంది. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం గది వేడెక్కాక ఒకసారి ఈ వెండి ముక్క పెట్టి చూడండి. రెండు నిమిషాల పని.

పీకింగ్ టైమ్ ఎంత పెట్టాలి?

డిటెక్టర్‌లో పడిన ఒక్కొక్క కిరణాన్ని కొలవడానికి యంత్రం తీసుకునే వ్యవధికి ఇది ఆధారం. వ్యవధి పెంచితే కొలత నిదానంగా, నిక్కచ్చిగా జరిగి శిఖరాలు సన్నబడతాయి. కానీ ఒక కిరణాన్ని కొలుస్తున్నంతసేపూ వెనక వచ్చేవి వృథా. ఆ వృథా సమయాన్నే డెడ్ టైమ్ అంటారు. ఒక్కొక్క కిరణానికి అయ్యే వృథా పీకింగ్ టైమ్‌కు రెండింతల పైమాటే. క్షణానికి, అంటే సెకనుకు, 50,000 కిరణాలు పడుతున్నప్పుడు, ఒక్కొక్కదానికి 10 మైక్రో సెకన్లు పడితే 39 శాతం సమయం పోతుంది. 2.5 మైక్రో సెకన్లయితే పోయేది 12 శాతమే.

మీ యంత్రంలో ఉన్న డిటెక్టర్ రకం ఇక్కడ తెలియాలి. సిలికాన్ డ్రిఫ్ట్ డిటెక్టర్ అయితే 1 నుంచి 4 మైక్రో సెకన్ల మధ్య బాగా పనిచేస్తుంది. పాత సిలికాన్ పిన్ డిటెక్టర్‌కు అంతకంటే చాలా ఎక్కువ వ్యవధి కావాలి. తక్కువ ధర యంత్రాల్లో ఉండే ప్రొపోర్షనల్ కౌంటర్ అయితే ఈ సవరణల వల్ల ఒరిగేది తక్కువ. రాగిని జింకు నుంచి విడిగా చూపడమే దానికి కష్టం. కొనేటప్పుడే డిటెక్టర్ పేరు అడగండి.

సరైన వ్యవధిని ఊహించనక్కరలేదు, కొలిచి తెలుసుకోవచ్చు. 925 వెండి ముక్కనే పెట్టి, కరెంటు తక్కువగా ఉంచి, ఒక్కొక్క పీకింగ్ టైమ్ దగ్గర నిమిషం పాటు లెక్కించండి. రాగి శిఖరం సగం ఎత్తులో ఎన్ని గడుల వెడల్పు ఉందో చూసి 20తో హెచ్చించండి. ఎనిమిది గడులయితే 160 ఎలక్ట్రాన్ వోల్టులు. డిటెక్టర్ కాగితం మీద 140 అని ఉండి, మీకు 160 వచ్చిందని కంగారుపడవద్దు. ఆ కాగితం మీది అంకె మాంగనీసు 5.9 కేఈవీ దగ్గరిది. శక్తి పెరిగే కొద్దీ శిఖరం లావు కావడం సహజం, రాగి దగ్గర 155 నుంచి 160 వరకు రావాలి. వ్యవధి పెంచుతూ పోతే ఒక దశ దాటాక వెడల్పు తగ్గడం ఆగిపోతుంది. అక్కడికంటే ఒక మెట్టు కిందికి దిగి ఆగండి. మా యంత్రంలో అది 2 మైక్రో సెకన్ల దగ్గర కుదిరింది.

ఇంతకంటే చిన్న సంకేతాన్ని కిరణంగా తీసుకోవద్దని యంత్రానికి చెప్పే హద్దులు రెండు ఉంటాయి, స్లో త్రెషోల్డ్, ఫాస్ట్ త్రెషోల్డ్. ఎక్స్‌రే ఆపి ఉంచి, క్షణానికి పది లోపు లెక్కలే పడేంత వరకు రెండింటినీ కిందికి దించండి. ఫాస్ట్ హద్దు మరీ కిందికి దిగితే శబ్దాన్ని కిరణంగా భావించి మంచి లెక్కలను పారేస్తుంది. మరీ పైన ఉంటే, ఒకదాని మీద ఒకటి పడిన కిరణాలను పసిగట్టలేదు.

ట్యూబు కరెంటు: నేను తప్పు చేసిన చోటు

రెండు కిరణాలు దాదాపు ఒకే క్షణంలో డిటెక్టర్‌లో పడ్డాయనుకోండి. యంత్రం వాటిని ఒకే కిరణంగా తీసుకుని, రెండింటి శక్తినీ కలిపి, ఆ మొత్తం దగ్గర ఒక లెక్క వేస్తుంది. దీన్ని పైల్-అప్ అంటారు. బంగారంలో ఇది ఎక్కడ లేస్తుందో కాగితం మీద కూడి చూడండి. 9.71, 9.71 కలిస్తే 19.43. రుథీనియం శిఖరం 19.28 దగ్గర ఉంది. 9.71, 11.44 కలిస్తే 21.15. పల్లాడియం 21.18. 11.44 రెండుసార్లు కలిస్తే 22.88. కాడ్మియం 23.17. ఆ ఎత్తున శిఖరాల వెడల్పే 225 నుంచి 245 ఎలక్ట్రాన్ వోల్టుల వరకు ఉంటుంది కాబట్టి వీటిని విడదీయడం సాఫ్ట్‌వేర్‌కు కష్టం. పల్లాడియం విషయంలో అసలు సాధ్యమే కాదు.

ఈ కూడిక చేసి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కేడీయం, అంటే కాడ్మియం కలిపిన టంకం, అన్న మాట వినబడితేనే జనం నగను పక్కకు నెట్టే రోజులివి. లేని కాడ్మియం చూపించి, టంకం వేసిన స్వర్ణకారుడిని దోషిని చేయడానికి ఒక్క సెట్టింగు చాలు. దీనికి తోడు, బంగారం యంత్రాల్లో చాలా వరకు అన్ని లోహాల మొత్తాన్నీ నూటికి సర్దుతాయి. లేని పల్లాడియం 0.8 శాతం చేరితే ఆ భాగం మిగతా లోహాల నుంచి కోసుకోవాలి. 91.6 ఉన్న బంగారం 90.9 అవుతుంది. 40 గ్రాముల నాను మీద పావు గ్రాముకు పైగా తేడా.

పీకింగ్ టైమ్ తగ్గిస్తే ఇది పోతుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. డెడ్ టైమ్ తగ్గుతుంది, నిజమే. ఒకదాని వెనక ఒకటి వచ్చిన కిరణాలను పట్టుకుని పారేసే వేగవంతమైన మార్గం యంత్రంలో వేరే ఉంటుంది, దానికీ ఒక హద్దు ఉంది. ఆ హద్దు 200 నానో సెకన్లనుకోండి. అంతకంటే దగ్గరగా పడిన రెండింటిని అది కూడా ఒకటిగానే చూస్తుంది. క్షణానికి 50,000 పడుతుంటే నూటికి ఒకటి ఇలా అతుక్కుంటుంది. 10,000 పడుతుంటే వెయ్యికి రెండు. కాబట్టి తెర మీద డెడ్ టైమ్ తక్కువగా ఉందని నిశ్చింతగా ఉండకండి. డిటెక్టర్‌లోకి క్షణానికి ఎన్ని వస్తున్నాయన్న అంకె చూడండి.

ఇలా చేయండి. ప్రమాణ పలకల్లో 916ను పెట్టి, వోల్టేజీ 45 లేదా 50 కిలోవోల్టుల దగ్గర ఉంచండి. కరెంటును 50 మైక్రో ఆంపియర్లతో మొదలుపెట్టి మెట్లు మెట్లుగా పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గర 21.15 చుట్టూ ఉన్న లెక్కలను, బంగారం 9.71 లెక్కలను రాసుకోండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. నిజంగా పల్లాడియం ఉంటే ఈ నిష్పత్తి కరెంటుతో మారదు. పైల్-అప్ అయితే కరెంటు రెట్టింపయినప్పుడు నిష్పత్తి కూడా దాదాపు రెట్టింపవుతుంది, ఎందుకంటే అతుక్కునే జంటలు వేగానికి వర్గంగా పెరుగుతాయి. సాఫ్ట్‌వేర్ ఆ పలకలో పల్లాడియం సున్నా అని చెప్పే మెట్టు దగ్గర ఆగిపోండి. డెడ్ టైమ్ అక్కడ 20 శాతం లోపే ఉండవచ్చు. ఉండనివ్వండి. కిరణాలను సన్నగా మలిచే రంధ్రం, అంటే కొలిమేటర్, మార్చినప్పుడల్లా ఈ పని మళ్ళీ చేయాలి. సన్నని గొలుసుకు అర మిల్లీమీటరు రంధ్రం పెట్టి స్థిరపరచిన కరెంటును, గాజుకు పెద్ద రంధ్రం పెట్టినప్పుడు అలాగే వదిలేస్తే కిరణాలు వరదలా వచ్చి పడతాయి.

నగలో నిజంగా పల్లాడియమో, కాడ్మియమో ఉందని ఇంకా అనుమానంగా ఉంటే తేల్చే ఉపాయం ఒకటుంది. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. ట్యూబు వోల్టేజీని 22 కిలోవోల్టులకు దించండి, కిరణాల వేగం మునుపటిలాగే ఉండేలా కరెంటు పెంచండి. పల్లాడియం ఈ శిఖరాన్ని ఇవ్వాలంటే కనీసం 24.35 కేఈవీ కావాలి, కాడ్మియానికి 26.71, రుథీనియానికి 22.12. ట్యూబులో అంత శక్తే లేనప్పుడు అవి పలకలేవు. బంగారానికి 14.35 ఉంటే చాలు కాబట్టి అది మామూలుగానే వెలుగుతుంది. అయినా 21.15 దగ్గర శిఖరం నిలబడి ఉంటే అది అతుక్కున్న బంగారమే.

పెద్దావిడ నానుకు కబురు పెట్టి మళ్ళీ తెప్పించుకుని మొదట 22 కిలోవోల్టుల దగ్గర చూశాను. శిఖరం కదలకుండా అక్కడే ఉంది. వోల్టేజీ మళ్ళీ 50కి పెంచి, కరెంటు మూడో వంతుకు దించి చూస్తే బంగారం 91.5, పల్లాడియం లేదు. రెండు కాగితాలూ ఆవిడ కొడుకు చేతిలో పెట్టి, తప్పు నాదేనని చెప్పాను.

సిలికాన్ వల్ల వచ్చే మరో నీడ

డిటెక్టర్ సిలికాన్‌తో చేసినది. లోపలికి వచ్చిన కిరణం అక్కడి సిలికాన్‌ను తట్టి 1.74 కేఈవీని బయటకు పోగొట్టుకోవడం అప్పుడప్పుడు జరుగుతుంది. 9.71 నుంచి 1.74 పోతే 7.97. రాగి 8.05 పక్కనే. 999 బంగారు నాణెంలో కొంచెం రాగి కనిపిస్తే ముందు దీన్ని అనుమానించండి. కరెంటు ఎంత తగ్గించినా ఇది తగ్గదు, బంగారంతో పాటే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎస్కేప్ శిఖరాల సవరణ ఆన్ చేసి ఉండాలి, డిటెక్టర్ పదార్థం సిలికాన్ అని నమోదై ఉండాలి. అంతే.

ట్యూబు లోహం సంగతి కూడా తెలుసుకోండి. టంగ్‌స్టన్ ట్యూబు అయితే దాని సొంత గీతలు 8.40, 9.67 దగ్గర వస్తాయి. రెండోది బంగారం మీదే కూర్చుంటుంది. అల్యూమినియం ఫిల్టర్ పెడితే ఇవి బాగా తగ్గుతాయి. రోడియం ట్యూబు అయితే 20.2, 22.7 దగ్గర గీతలు వచ్చి వెండి, పల్లాడియం చుట్టూ చిక్కులు తెస్తాయి. ఫిల్టర్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి 999 నాణేన్ని కొలిచి రెండు చిత్రాలనూ ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే, మీ యంత్రానికి ఏ గీత నగదో, ఏది ట్యూబుదో కంటికే తెలుస్తుంది.

ఎంతసేపు లెక్కించాలి?

లెక్కల్లో ఊగిసలాట వాటి వర్గమూలమంత. 10,000 లెక్కలకు 100, అంటే ఒక శాతం. పది లక్షల లెక్కలకు 1,000, అంటే 0.1 శాతం. 916కు, 915కు తేడా చెప్పాలంటే బంగారం శిఖరంలో పది లక్షల దాకా పోగవ్వాలి. క్షణానికి 10,000 చొప్పున వస్తే 100 సెకన్లు. కరెంటు తగ్గించినందుకు మనం ఇచ్చే మూల్యం ఇదే. బయట కూర్చున్నవారికి "అమ్మా, ఇంకో రెండు నిమిషాలు" అని చెప్పడంలో ఇబ్బంది లేదు. ఒకే చోట ఐదు నిమిషాలు లెక్కించే కంటే మూడు చోట్ల వంద సెకన్ల చొప్పున చూడండి. గొలుసు కొక్కెం, కడియం అతుకు, పలుచని రేకు తలోరకంగా ఉంటాయి.

సెట్టింగులతో తీరనివి

బంగారంలో ఈ యంత్రం చూపు పై పొర పది మైక్రాన్లకు అటూ ఇటూ మాత్రమే. దళసరి పూత వేసిన ఇత్తడిని అది బంగారమనే చెబుతుంది. లోపల లక్క నింపిన నగ బరువును అది చూడలేదు. అనుమానం వస్తే ఒప్పుదల తీసుకుని కొంచెం గీరి, లోపలి లోహం చూడాలి. తుది మాట పుటం పరీక్షదే. భారతీయ ప్రమాణం ఐఎస్ 1418 ప్రకారం మచ్చు తీసి, సీసంతో పుటం పెట్టి, బంగారాన్ని తూచి చెప్పే పద్ధతి అది. మన యంత్రం దానికి ముందు జల్లెడ పట్టేది. 2021 జూన్ 23 నుంచి దేశంలో 256 జిల్లాలతో హాల్‌మార్క్ తప్పనిసరి చేయడం మొదలయ్యాక ఈ జల్లెడ మీద ఆధారపడేవారు పెరిగారు.

సంతకు వచ్చే సవర ఆడవాళ్ళు తెచ్చే కడియాలు, కంటెల విషయంలో బంగారం కోసం అమర్చిన పద్ధతిని వాడవద్దు. విడిగా వెండి పద్ధతి ఒకటి కట్టుకోండి. జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు ఉంటాయి. 7.48 దగ్గర నికెల్ లేచి, 22.16 దగ్గర ఏమీ లేకపోతే సంగతి పది సెకన్లలో తేలిపోతుంది. దాన్ని వెండి ధరకు కొన్న మనిషికి ఆ మాట మెల్లగా, వాళ్ళకు తెలిసిన భాషలో చెప్పండి.

ఇక రోజువారీ పుస్తకం. తేదీ, గది వేడి, డిటెక్టర్ ఉష్ణోగ్రత, రాగి గడి, వెండి గడి, రాగి శిఖరం వెడల్పు, క్షణానికి కిరణాలు, డెడ్ టైమ్, 916 పలక చూపిన అంకె, అందులో పల్లాడియం. పది గడుల గీతల పుస్తకం చాలు. పలక 0.2 శాతానికి మించి తేడా చూపిన రోజు నగలు పెట్టకుండా మొదటి నుంచి చూసుకోండి, ముందుగా ఎర్త్ గుంటలో తడి ఉందేమో చూడండి.